వృత్తిత్యాగము - సంస్థానిర్మాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



సంపాదన బాగుగా నున్న వృత్తిని విడిచిపెట్టి, మనసునకు తృప్తినిచ్చి పదిమందికి పనికివచ్చు వ్యాపారమొకటి స్థాపింపవలెనను కోరిక ఈ దినములలో పెక్కుమంది యువకులయందు కానవచ్చుచున్నది. నగరములలో పెద్ద జీతములు గడించుచున్నవారు సైతము పండుగకు ఇంటికి వచ్చినపుడు, ఇంత ఆర్జించియు ఏదియో వెలితిగా నున్నదని తల్లిదండ్రులతో చెప్పుకొనుచున్నారు. ఆ మాట విని తల్లిదండ్రులు భయపడుచున్నారు. వారి భయము అకారణము కాదు. చేతిలోని అన్నపుముద్దను జారవిడుచుకొని ఆకసము వంక చూచువానిని ఎవరును బుద్ధిమంతుడని అనరు. అయినను కుమారుని వెలితియు అబద్ధము కాదు. ఈ రెంటికిని సమాధానము ఎట్లు కుదురునన్నదే నేటి విషయము. దీనికి ఉపదేశములకంటె ఒక మహనీయుని నడవడి మేలైన సాక్ష్యము. ఆ మహనీయుడు బందరు డాక్టరు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు.

పట్టాభిగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన, నేడు ఏలూరు జిల్లాలో చేరియున్న గుండుగొలను గ్రామమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, లేమిలో పెరిగి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, పిమ్మట ఎం.బి.సి.ఎం. అను వైద్యపట్టమును పొందిరి. 1906లో బందరున వైద్యము ప్రారంభించిరి. ఆనాడు జిల్లా పట్టణములలో అట్టి పట్టము గల వైద్యులు అరుదు. హస్తవాసి గల డాక్టరని పేరు వచ్చెను. పేరు వెంట ధనమును వచ్చెను. పది సంవత్సరములు అట్లు జరిగిన పిమ్మట, 1916లో, ఆ వైద్యవృత్తిని ఆయన విడిచిరి. అప్పటికి వారికి ముప్పదియైదేండ్లు దాటినవి. అనగా సంపాదన ఇంకను పెరుగవలసిన వయస్సు.

ఇచ్చట ఒక్క మాట స్పష్టము చేయవలసియున్నది. వ్యాపారము పెట్టుటకే ఆయన వైద్యము మానిరనుట సత్యము కాదు. దేశసేవయే వారి ముఖ్యోద్దేశము. కోపల్లె హనుమంతరావుగారితోను, ముట్నూరి కృష్ణారావుగారితోను కలిసి బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పుటకు 1910లోనే వారు పూనుకొనియుండిరి. 1919 నుండి జన్మభూమి అను ఇంగ్లీషు వారపత్రికను నడపిరి. అయితే దేశసేవయనిన ఉపన్యాసములు, ఊరేగింపులు మాత్రమే కావనియు, రైతు పెట్టెలోని ప్రోనోటు కూడ దేశవిషయమే యనియు గ్రహించిన కొలదిమందిలో ఆయన ఒకరు. అందువలననే వారి దేశసేవ బ్యాంకుల రూపమున, బీమా సంఘముల రూపమున కూడ ఫలించెను.

ఆనాటి కృష్ణా మండలపు రైతు స్థితి ఎట్టిది? ధవళేశ్వరము ఆనకట్టయు, బెజవాడ ఆనకట్టయు పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలముననే పూర్తియై, కాలువలు పారి, మెట్టలు మాగాణులైనవి. పంట పెరిగెను. పంటతోపాటు ఖర్చును పెరిగెను. విత్తనములకు, ఊడ్పులకు, కోతలకు, పశువులకు రొక్కము కావలెను. పంట ఇంటికి వచ్చుసరికి శిస్తు కిస్తీ గడువు ముంచుకొని వచ్చును. అందరును ఒక్కసారి ధాన్యము అమ్మజూపుటచే ధర పడిపోవును. తక్కువ ధరకు అమ్మి శిస్తు చెల్లించిన రైతు, కొన్ని నెలలకే తిండిగింజలకు అప్పు చేయవలసి వచ్చును. అప్పుగా తెచ్చిన ధాన్యమునకు కళ్ళములో అధికముగా కొలిచి ఇయ్యవలసి వచ్చును. భూమి సారవంతమైనది, నీరు సమృద్ధి, రైతు కష్టజీవి. అయినను వానిది అప్పుల సంసారము. ఇది సోమరితనముచే వచ్చిన రోగము కాదు. పంట వచ్చు కాలమునకును, డబ్బు కావలసిన కాలమునకును పొత్తు కుదరకపోవుటచే వచ్చిన రోగము.

వడ్డీ లెక్క ఎట్టిదో ఒక ఉదాహరణముచే చూడవచ్చును. ఒక రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి నూరు రూపాయలు తెచ్చెననుకొందము. ఏటికొకసారి వడ్డీని అసలుతో కలిపినచో మూడేండ్లకు ఆ బాకీ 190 రూపాయలు దాటును. అదే నూరు రూపాయలు నూటికి ఏటికి తొమ్మిది రూపాయల వడ్డీకి దొరికినచో, మూడేండ్లకు 130 రూపాయల లోపుననే నిలుచును. భేదము 61 రూపాయలు. ఆ 61 రూపాయలలో ఒక దూడ యున్నది, పిల్లవాని చదువున్నది, ఇంటి మీద కప్పున్నది. రైతు ఏ తప్పును చేయకయే, వడ్డీ రేటు కారణమున మాత్రమే వీనిని పోగొట్టుకొనుచుండెను.

అయినచో బ్యాంకులు లేవా? ఉన్నవి. మదరాసులో పెద్ద బ్యాంకులు, తెల్లదొరల కంపెనీలు ఉండెను. వాని చూపు రేవులపైనను, ఎగుమతులపైనను ఉండెనే గాని పల్లె పొలములపై లేదు. అంతియే కాదు, పట్టాభిగారు వైద్యము ప్రారంభించిన 1906వ సంవత్సరముననే మదరాసున అర్బత్నాట్ కంపెనీ దివాలా తీసెను. ఎందరో పింఛనుదారులు, వితంతువులు, చిరుద్యోగులు జీవితమంతయు కూడబెట్టిన సొమ్మును పోగొట్టుకొనిరి. ఆ దెబ్బ తరువాతనే, భారతీయుల సొమ్మును భారతీయులే కాపాడుకొనవలెనను తలంపుతో, 1907లో మదరాసున ఇండియన్ బ్యాంకు వెలసెను. సొమ్ము దాచుకొను చోటు నమ్మదగినది కాకున్న ఎట్టి అనర్థము కలుగునో ఆ తరమువారు కన్నులార చూచిరి.

ఇక పట్టాభిగారి పని యొక్క వరుస గమనింపదగినది. సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చెను. సంఘములన్నిటికిని ఆధారముగా కేంద్ర బ్యాంకులు ఏర్పరచుకొనుటకు 1912 నాటి చట్టము వీలు కల్పించెను. మూడేండ్లకే, 1915లో, పట్టాభిగారు కృష్ణా సహకార కేంద్ర బ్యాంకును స్థాపించిరి. వైద్యము మానినది 1916లో. ఈ రెండు సంవత్సరముల ముందువెనుకలను మరువరాదు. ఆయన ముందు విడిచి, పిదప వెదకుకొన్నవారు కారు. పది సంవత్సరములు వృత్తిలో గడించి, ఇల్లు చక్కబెట్టుకొని, క్రొత్త పనికి పునాది వేసి, ఆ పునాది నిలిచిన పిమ్మట పాత తలుపు మూసిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు. పోతనామాత్యుడు రాజాశ్రయమును కాదన్నాడని చెప్పుకొను లోకమే, ఆయన నాగలి పట్టినాడని కూడ చెప్పుకొనును. ఆ రెండవ మాటను విడిచి మొదటి మాటను మాత్రమే స్మరించుట పొరపాటు.

1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయ్యెను. 28వ తేదీన బందరున వ్యాపారము ప్రారంభమయ్యెను. పత్రములపై చూపిన మూలధనము 10 లక్షల రూపాయలు. వాస్తవముగా చెల్లింపబడినది లక్ష రూపాయలు. ఈ రెండు అంకెల నడుమనున్న దూరమే ఆ సాహసము. ఆ లక్షయు ఏ ఒక్క జమీందారు దానమో కాదు, వాటాదారులు వాటాలుగా పెట్టిన సొమ్ము. దానము చేసినవాడు లెక్క అడుగకపోవచ్చును. వాటాదారు మాత్రము ఏటేట లెక్క అడుగును. అట్లు అడుగు హక్కును ఇతరులకు ఇచ్చి, వారి యెదుట పద్దుపుస్తకము విప్పిపెట్టుటకు ఒప్పుకొన్నప్పుడే వ్యాపారము సంస్థయగును.

పట్టాభిగారు అంతటితో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ వారి ప్రోద్బలమున వెలసెను. ఒక్కరికి ఇన్ని సంస్థలేల అని అడుగవచ్చును. వైద్యుడు అన్ని రోగములకు ఒకే మందు ఇయ్యడు గదా! విత్తనములకు, ఊడ్పులకు తెచ్చిన అప్పు పంటతో తీరును. దానికి సహకార సంఘము చాలును. సరుకు కొని అమ్ము వర్తకునికి కొద్దినెలల రొక్కము కావలెను. దానికి వాణిజ్య బ్యాంకు కావలెను. తాత నాటి బాకీ తీర్చుటకును, భూమి బాగుచేయుటకును తెచ్చిన అప్పు ఒక పంటతో తీరదు. పది, ఇరువది సంవత్సరముల వాయిదాలు కావలెను. డిపాజిటుదారుడు ఎప్పుడు వచ్చి అడిగినను ఇయ్యవలసిన సొమ్మును ఇరువది ఏండ్లకు అప్పిచ్చిన బ్యాంకు మునుగును. కావున దీర్ఘకాలపు ఋణపత్రములపై సొమ్ము తెచ్చి, దీర్ఘకాలమునకే అప్పిచ్చు భూమి తనఖా బ్యాంకు వేరుగా నుండవలెను. ఇక ఇంటి యజమాని అకాలమరణము పొందినచో భార్యాబిడ్డలు అప్పులపాలు కాకుండుటకు బీమా కావలెను. ఇది ధనాశచే ఒకదానిపై నొకటి పెంచిన కట్టడము కాదు. రోగమును విడదీసి చూచి, దేని మందు దానికిచ్చిన చికిత్స.

మంచి ఉద్దేశముచే మాత్రమే బ్యాంకు నిలువదు. 1929 తరువాత ప్రపంచమంతట ధరలు పడిపోయి, ధాన్యమునకు వెలలేక, అప్పుతీసికొన్నవారు చెల్లింపలేని కాలము వచ్చెను. 1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు మూతపడినపుడు దక్షిణదేశమంతట డిపాజిటుదారులు కలత చెందిరి. నేడు డిపాజిటుకు బీమా రక్షణ యున్నది. ఆ ఏర్పాటు 1962లో గాని రాలేదు. ఆనాటి డిపాజిటుదారునికి ఉన్న రక్షణ బ్యాంకు నడుపువారి నిజాయితీయు, జాగరూకతయు మాత్రమే. అట్టి కాలములో ఎన్నో చిన్న బ్యాంకులు కూలిపోగా ఆంధ్రా బ్యాంకు నిలిచెను.

మరియొక పరీక్ష కూడ వచ్చెను. 1942 ఆగస్టులో కాంగ్రెసు కార్యవర్గ సభ్యులతోపాటు పట్టాభిగారు నిర్బంధింపబడి, అహమ్మదునగరు కోటలో దాదాపు మూడు సంవత్సరములు గడపిరి. స్థాపకుడు కోటగోడల వెనుక నుండగా, ఆయన స్థాపించిన బ్యాంకు తలుపులు ప్రతి ఉదయమును తెఱవబడుచునే యుండెను. వడ్డీ జమయగుచునే యుండెను. తాను లేనినాడు ఆగిపోవు పని ఒకని ప్రతాపము. తాను లేకున్నను సాగు పనియే సంస్థ. ఆయన 1948లో కాంగ్రెసు అధ్యక్షులుగా ఎన్నికై, తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరులో పరమపదించిరి. వారి అనంతరము 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో చేరెను. 1980 ఏప్రిలు 15వ తేదీన ఆంధ్రా బ్యాంకు జాతీయము చేయబడెను. 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను.

ఆ పేరు పోయినపుడు తెలుగువారిలో పెక్కురు బాధపడిరి. అది సహజము. తొంబదియారు సంవత్సరములు ఇంటిలో మనిషివలె నున్న పేరు అది. అయితే పేరు పోయినంతమాత్రమున శ్రమ వ్యర్థమైనదా? ఆ సొమ్ముతో కొన్న పొలములు పండుచునే యున్నవి. ఆ అప్పుతో చదివిన పిల్లలు నేడు ముసలివారై మనుమలను చదివించుచున్నారు. పద్దు ముగిసినను దాని ఫలము ముందు పద్దునకు జమగా వచ్చును.

ఈ సందర్భమున మరి ఇద్దరిని స్మరింపవలెను. టంగుటూరి ప్రకాశంపంతులుగారు 1907లో ఇంగ్లండు నుండి బారిస్టరై వచ్చి, మదరాసు హైకోర్టున విశేషముగా ధనార్జన చేసి, 1921లో ఆ వృత్తిని విడిచి, అదే సంవత్సరము అక్టోబరు 29వ తేదీన స్వరాజ్య పత్రికను స్థాపించిరి. తాము గడించిన దానినంతయు ఆ పత్రికకు ధారపోసిరి. అయినను 1930ల మధ్యకాలమున అది మూతపడెను. వ్యాపారపు లెక్కలో అది నష్టము. కాని ఖాసా సుబ్బారావు, త్రివేణి పత్రికను స్థాపించిన కోలవెన్ను రామకోటీశ్వరరావు వంటివారు ఆ కార్యాలయముననే పనిచేసిరి. ఒక పత్రిక చచ్చి, పాత్రికేయులను బ్రతికించెను. ఈ జమను ఏ పద్దులోనైనను వ్రాయవలసినదే. అయినను అట్టి హోమము అందరికిని చెల్లదు. ప్రకాశంగారి గుండె గలవారికే అది చెల్లును.

కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారి మార్గము వేరు. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. లాభము వచ్చిన పిమ్మట దానిని విడువలేదు. దానిని పాడియావుగా నిలుపుకొని ఆ పాలతో ఇతర బిడ్డలను పెంచిరి. 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలసెను. తెలుగునాట పల్లె గ్రంథాలయముల అలమారులకు చౌకవెలకు పుస్తకములు చేరుటలో వారి చేయి యున్నది. తలనొప్పి మందు కొన్న ప్రతివాడును తెలియకయే ఒక పుస్తకమునకు చందా కట్టినట్లయ్యెను. లాభసాటి పని చేయుచున్నవారందరును దానిని విడువనక్కరలేదనుటకు ఇది నిదర్శనము. ఆ లాభమును ఏ కాలువకు మళ్ళించుచున్నారన్నదే ప్రశ్న.

ఈ మువ్వురి చరిత్రలు చూచిన పిమ్మట, వృత్తిని విడువగోరు యువకుడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్నలు కొన్ని తేలుచున్నవి. మొదటిది: ఈ క్రొత్త పనివలన ఎవరికి, ఏ బాధ తీరును? పాత పని విసుగు పుట్టించెననుట దీనికి సమాధానము కాదు. విసుగు క్రొత్త పనిలోను పుట్టును. రెండవది: విడుచుటకు ముందు నాటినదేమి? ఇంటి అప్పులు, చెల్లెలి పెండ్లి, తల్లిదండ్రుల మందులు వీనికి ఏర్పాటు లేక చేసిన త్యాగమును ఇంటివారు చేసినట్లగును గాని తాను చేసినట్లు కాదు. మూడవది: ఇతరుల సొమ్ము చేతికి వచ్చినపుడు, వారు అడిగిన నాడు పద్దు చూపగల ధైర్యమున్నదా? నాల్గవది: తాను మంచముపట్టిన నాడు ఆ పని సాగునా? ఈ నాల్గింటికిని సమాధానమున్నవానిని తల్లిదండ్రులు ఆపరాదు. సమాధానము లేనివాడు కొంతకాలము ఆగుట పిరికితనము కాదు. పట్టాభిగారు పది సంవత్సరములు ఆగిరి.

ఇక విడువనివారు తక్కువవారని ఎవరును తలంపరాదు. బందరున వైద్యము చేయువారందరును పట్టాభిగారి వలె వైద్యశాలలు మూసినచో రోగుల గతి ఏమి? తన వృత్తిని న్యాయముగా నడపి, సాయంకాలము ఒక గంట ఊరి పనికి ఇచ్చువాడును సంస్థానిర్మాతయే.

ఈ గ్రంథాలయమే అందులకు సాక్షి. ఇది లాభముకొఱకు పెట్టినది కాదు. అయినను దీనికిని జమాఖర్చున్నది, చందా బాకీలున్నవి, తీసికొని తిరిగి ఇయ్యని పుస్తకములున్నవి. ఇరువదియైదు సంవత్సరములు ఇది నిలిచినదనిన, ఎవరో ఒకరు ప్రతిదినము తలుపు తీసి, దీపము పెట్టి, పుస్తకము పేరు రిజిస్టరులో వ్రాసిరన్నమాట. ఉత్సాహముతో స్థాపించుట ఒక దినపు పని. ఓపికతో పద్దు వ్రాయుట నిత్యకృత్యము. తమ బిడ్డలలో ఎవడైనను రేపు మంచి ఉద్యోగమును విడిచి ఊరికి పనికివచ్చు వ్యాపారమొకటి పెట్టెదనని వచ్చినచో, పెద్దలు కోపింపక, వానిని ఈ గ్రంథాలయములో కూర్చుండబెట్టి, ఒక తెల్లకాగితము ఇచ్చి, పై నాలుగు ప్రశ్నలకును జవాబు వ్రాయుమని కోరుదురుగాక. ఆ జవాబు సరియైనదైనచో, మొదటి వాటా తామే కొందురుగాక.

స్వస్తి.